షిఫ్టు బస్సులో అర్థశాస్త్రం

పన్నెండో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో నాకు ఫిజిక్సులో డెబ్బైకి పదకొండు మార్కులు వచ్చాయి. ఆ పదకొండులో రెండు, సారు కూడికలో పొరబడి వేసినవి. నేను మూడుసార్లు కూడి చూసి, తొమ్మిదేనని తేల్చుకుని, ఎవరికీ చెప్పకుండా పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మా నాన్న స్టీలు ప్లాంటులో, రోలింగు మిల్లు మెయింటెనెన్సులో పనిచేసేవారు. పెళ్ళికి ముందే కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నా స్కూలు దగ్గర్లో ఉండాలని అమ్మ పట్టుబట్టడంతో సీతమ్మధారలో అద్దెకు ఉండేవాళ్ళం. దానివల్ల నాన్నకు రోజూ పోనూ రానూ రెండు గంటలు ప్లాంటు బస్సులోనే గడిచేది. అన్నేళ్ళ బస్సు ప్రయాణానికి పదకొండు మార్కులు చాలా తక్కువ. నాన్న ఆ మాట అనలేదు. ప్రోగ్రెసు కార్డు మీద సంతకం పెట్టి, "ఈ పెన్ను బాగా రాస్తోందే, ఎక్కడ కొన్నావ్?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

వారం తర్వాత వైస్ ప్రిన్సిపాల్ మేడం మా ఇద్దరినీ పిలిపించారు. బోర్డు పరీక్షకు ఫారాలు పంపించే వారం అది. ఐదు సబ్జెక్టులకు తోడు ఆరోది ఒకటి రాసుకోవచ్చనీ, ఐదింటిలో ఏదైనా పోతే ఆరోది దాని చోటులోకి వచ్చి పిల్ల గట్టెక్కుతుందనీ ఆవిడ చెప్పారు. "ఏదైనా" అన్నారే గానీ ఫిజిక్సు పేరు ఎత్తలేదు. ముగ్గురం కాసేపు గోడ గడియారం వైపు చూశాం.

"పెయింటింగుంది, ఎకనామిక్సుంది" అన్నారు మేడం. నేను నోరు తెరిచేలోపే, "పెయింటింగ్ వద్దులే. నీ ఫిజిక్స్ రికార్డులో బొమ్మలు చూశాను" అని ఎకనామిక్సుకు టిక్కు పెట్టేశారు.

నేను అభ్యంతరం చెప్పలేదు. ఎకనామిక్సు పుస్తకాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టినా మా కెమిస్ట్రీ మొదటి భాగమంత మందం ఉండవని లైబ్రరీలో చూసి ఉన్నాను. సబ్జెక్టును మందాన్ని బట్టి ఎంచుకున్నానని ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను. స్కూటరు మీద ఇంటికి వస్తూ నాన్న మాత్రం గొణుక్కున్నారు. "ఐదే మొయ్యలేకపోతుంటే ఆరోది కూడా ఎత్తుతున్నారేంటి?"

మా స్కూల్లో కామర్స్ సెక్షన్ ఉంది, ఎకనామిక్స్ సారూ ఉన్నారు. చిక్కల్లా ఏమిటంటే ఆయన క్లాసులూ, మా కెమిస్ట్రీ క్లాసులూ ఒకే వేళకు. ఆయన మంచివారు. తన దగ్గరున్న పాత పుస్తకాలు రెండూ ఇచ్చి, "శనివారం మధ్యాహ్నాలు రామ్మా, డౌట్లు చెప్తాను" అన్నారు. ఆ శనివారం నుంచే, ఫిజిక్సులో వెనకబడ్డ పిల్లలకు శనివారం మధ్యాహ్నాలు ప్రత్యేక తరగతులని బోర్డు మీద రాశారు.

అమ్మ నన్ను ద్వారకా నగర్ తీసుకెళ్ళింది. ఆ వీధుల్లో ఏ మేడ ఎక్కినా కోచింగే. మూడో మేడ మీద కౌంటరు దగ్గర కూర్చున్న ఆయన, "ఇంజినీరింగా, మెడిసినా?" అని అడిగాడు. ఎకనామిక్స్ అన్నాను. "సి.ఏ.నా?" అన్నాడు. కాదండీ, పన్నెండో తరగతి అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"దానికి కోచింగేటమ్మా. ఇంటికాడ కూకుని సదివీసుకుంటే అయిపోద్ది" అన్నాడు. ఆ మేడల్లో ఉచితంగా దొరికిన సలహా అదొక్కటే. దానినే పాటించాను.

మొదటి వారం పాటించడం అంటే మొదటి అధ్యాయం మూడో పేజీని రోజూ చూడడమే. నాన్నకు అప్పుడు ఎ షిఫ్టు, అంటే పొద్దుటి డ్యూటీ. మధ్యాహ్నం మూడున్నరకు ఇల్లు చేరి, అన్నం తిని, ఒక గంట పడుకునేవారు. నాకు స్కూలు లేని ఒక రోజు ఆయన పడుకోబోతూ టేబుల్ దగ్గర ఆగి, నా భుజం మీదుగా పుస్తకంలోకి చూశారు. అందులో ఎడమనుంచి కుడికి వంగుతూ దిగే ఒక గీత ఉంది.

"ఏంటమ్మా ఈ వంకర గీత?"

"ఒక దేశం దగ్గరున్న వనరులన్నీ వాడి రెండే వస్తువులు చేస్తుందనుకోవాలి నాన్నా. ఒకటి ఎక్కువ చేస్తే రెండోది తగ్గుతుంది. ఆ గీత మీద ఎక్కడైనా ఉండొచ్చు."

"ఇక్కణ్ణించి ఇక్కడికి జరగొచ్చా?" వేలిని గీత మీద పైనుంచి కిందికి జరిపారు.

"జరగొచ్చు."

"ఎంతసేపట్లో?"

పుస్తకంలో ఆ సంగతి లేదు.

"మా మిల్లులో ఒక సైజు రాడ్డు నుంచి ఇంకో సైజుకు మారాలంటే రోల్సు దింపి వేరేవి ఎక్కించాలి. అందరం చెమటలు కక్కితే గానీ అవదు. ఈయన చూడు, హాయిగా గీత మీద జారుకుంటూ పోయాడు. ఎప్పుడూ మిల్లు మొహం చూసినట్టు లేడు."

"అది ఊరికే ఊహ నాన్నా."

"ఊహకైనా ఒక షిఫ్టు పడుతుంది" అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ రోజు ఆయన నిద్రపోలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పుస్తకం లేదు. బావకు చూపిద్దామని నాన్న బస్సుకు పట్టుకుపోయారని అమ్మ చెప్పింది.

బావ అంటే చుట్టం కాదు. అదే మిల్లులో క్రేను నడిపే మనిషి. సముద్రం ఒడ్డున చేపలు పట్టే పేటలో పుట్టి, ఐ.టి.ఐ. చదివి ప్లాంటులో చేరారు. అన్నగారు ఇప్పటికీ వేటకు వెళ్తారు. నాన్నా, ఆయనా ఏళ్ళ తరబడి బస్సులో ఒకే సీటులో కూర్చుని ఒకరినొకరు బావా అనుకోవడం మొదలుపెట్టారు కాబట్టి నాకు ఆయన మావయ్య. నాన్న మాటకు ముందొక అండీ, వెనకొక అండీ పెడతారని ఆయన వెక్కిరించేవారు. ఆయన "నాను" అనడాన్ని నాన్న వెక్కిరించేవారు. ఆ రెండు గంటల ప్రయాణానికి అంతకుమించి కాలక్షేపం అప్పటిదాకా లేదు.

ఆ సాయంత్రం నాన్న పుస్తకం తిరిగి ఇస్తూ, "ఇది ఇంగ్లీషులో ఉంది, బావ తెలుగులో అడుగుతున్నాడు. నేను చెప్తే నాకే అర్థం కావట్లేదు. నువ్వొక కాగితం మీద తెలుగులో రాసివ్వు" అన్నారు. ఫోన్లో పంపిస్తానన్నాను. బావకు ఫోన్లో అక్షరాలు ఆనవన్నారు.

అలా కాగితాలు రాయడం మొదలైంది. రోజుకొక కాగితం, ఒకవైపే. అర్థం కాని విషయాన్ని ఇంగ్లీషులో బట్టీ పట్టి అప్పజెప్పవచ్చు గానీ, తెలుగులో క్రేను మావయ్యకు రాసి పంపడం కుదరదని రెండో కాగితానికే తెలిసింది. డిమాండు సూత్రం గురించి నేను గొప్పగా రాశాననుకున్నాను. ధర తగ్గితే జనం ఎక్కువ కొంటారు, ధర పెరిగితే తక్కువ కొంటారు అని ఉదాహరణలతో సహా రాశాను. కాగితం తిరిగి వచ్చినప్పుడు దాని అడుగున నీలం బాల్‌పెన్నుతో ఒకే మాట ఉంది: "కార్తీకమాసం?"

ఆదివారం మావయ్యే స్వయంగా మా ఇంటికి వచ్చారు. టీ గ్లాసు పట్టుకుని, కేసు విచారించే పెద్దమనిషిలా కూర్చున్నారు.

"తల్లీ, కార్తీకమాసంలో సేప రేటు పడిపోద్ది. నువ్వు రాసినట్టయితే జనం ఎగబడి కొనాల. ఎవుడూ కొనడు. మా వొదిన బుట్ట ఎలగ ఎత్తుకెల్లిందో అలగే మోసుకొచ్చీద్ది. మరి దీనికేటంటావు?"

నేను పుస్తకం తెచ్చి పేజీలు తిప్పాను. నాన్న మావయ్య ముఖం చూసి నవ్వు ఆపుకుంటున్నారు, నా పక్షం ఉన్నట్టు నాకు అనిపించలేదు. నాలుగు పేజీల తర్వాత, అంతకుముందు రెండుసార్లు చదివి దాటేసిన ఒక పేరా దగ్గర ఆగాను. గీత మీద జరగడం వేరు, గీతే పక్కకు జరగడం వేరు అని అందులో ఉంది. దాన్ని మళ్ళీ చదివాను. ఏదో తాళం పడిపోయిన తలుపు తెరుచుకున్నట్టయింది.

"రేటు పడ్డాక జనం కొనడం మానలేదు మావయ్యా. జనం ముందే మానేశారు, అందుకని రేటు పడింది."

ఆయన టీ తాగడం ఆపారు. "అంటే, గీతే పక్కకి జరిగిపోనాది."

"అవును."

"మనం గీత మీద జరగడం కాదు."

"కాదు."

"మరదే ముందు రాయొచ్చు గదా" అన్నారు మావయ్య, కొంచెం నిష్ఠూరంగా.

అప్పుడే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. కూర కలుపుతూనే, ఎక్కడా తడుముకోకుండా, "ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు, ఒక వస్తువు ధరకూ, దాని డిమాండు పరిమాణానికీ మధ్య ఉండే విలోమ సంబంధాన్ని తెలియజేసేదే డిమాండు సూత్రం" అంది.

నాన్న వెనక్కి తిరిగి చూశారు. "నీకెలా తెలుసు?"

"ఇంటర్లో నాది సి.ఇ.సి. కదండీ."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు డిమాండు సూత్రం ఎప్పుడడిగారు?" అంది అమ్మ.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంట్లోనే మాస్టారుండగా మేడలెక్కి తిరిగామే అనుకున్నాను. వెంటనే వంటింట్లోకి వెళ్ళి స్థితిస్థాపకత గురించి అడిగాను. అదీ అప్పజెప్పింది. క్షీణోపాంత ప్రయోజన సూత్రం అడిగాను. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "అంటే ఏంటమ్మా?" అన్నాను. అమ్మ గరిటె పక్కన పెట్టి నిజంగానే ఆలోచించింది.

"ఏమో తల్లీ. అర్థం పరీక్షలో అడగరు కదా అని మా మేడం అది చెప్పలేదు."

ముందు గదిలో మావయ్య ఇంకా ఆ నిర్వచనంలోనే ఉన్నారు. "సెల్లెమ్మా, ఇతర పరిస్థితులు మారకుండా ఎప్పుడున్నాయి? పుట్టినకాణ్ణించి సముద్రం పక్కనే ఉన్నాను, నాను సూడలేదు."

"అన్నయ్యగారూ, అలా అనుకుంటేనే రెండు మార్కులు" అంది అమ్మ.

ఆ రోజు నుంచి కాగితం మీద పైన అమ్మ చెప్పిన నిర్వచనం, కింద నా వివరణ ఉండేవి. నిర్వచనాన్ని నేను మాటకు మాట విప్పి రాస్తుంటే అమ్మ వెనక నిలబడి చదివేది. "ఓహో, దానర్థం ఇదా" అనేది, ఇరవై రెండేళ్ళ తర్వాత. ఆ 'ఓహో' వినడానికే నేను కొన్ని కాగితాలు బాగా రాశాను.

బస్సులో చర్చ క్యాంటీనుకు పాకింది. క్షీణోపాంత ప్రయోజనం అంటే, తింటున్నకొద్దీ ఒక్కొక్క ముక్క వల్ల కలిగే తృప్తి తగ్గుతూ వస్తుందని, చివరికి సున్నా అయి, ఆ పైన బాధ మొదలవుతుందని నేను రాసి పంపాను. పుస్తకంలో నారింజపండ్లు ఉన్నాయి. క్యాంటీనులో మిరపకాయ బజ్జీలు ఉన్నాయి. మావయ్య ఒక్కొక్క బజ్జీ తిని తృప్తికి మార్కు చెప్తుంటే, నాన్న కాగితం వెనక రాశారు. ఆ పట్టిక నా దగ్గర చాలాకాలం ఉంది. మొదటి బజ్జీకి పది, రెండోదానికి పది, మూడోదానికి పది, నాలుగోదానికి పదకొండు. పుస్తకం తప్పని మావయ్య ప్రకటించారట. తొమ్మిదో బజ్జీ దగ్గర మార్కు రాయలేదు, "బావ మాట్లాడ్డం లేదు" అని రాసి ఉంది. మర్నాడు మావయ్య సెలవు పెట్టారు. సూత్రం రుజువైందని నాన్న నాకు ఎంతో సంతోషంగా చెప్పారు.

ఇదంతా ఇంత బాగా సాగుతోంది కదా అని ఒకసారి ఆశపడి, కటకాల మీద ఫిజిక్సు కాగితం కూడా ఒకటి రాసి పంపాను. అది సాయంత్రం మడత విప్పకుండానే తిరిగి వచ్చింది.

"అది మీ సారు చూసుకుంటాడులే" అన్నారు నాన్న.

పరీక్షకు పన్నెండు రోజులుందనగా రెండో పుస్తకం కనబడలేదు. జాతీయాదాయం, బ్యాంకులు, ప్రభుత్వ బడ్జెట్టు అన్నీ ఉన్న పుస్తకం అది. నాన్న సంచి బోర్లించారు. మావయ్యకు ఫోన్ చేశారు. చివరికి తేలిందేమిటంటే, సబ్బవరం నుంచి డ్యూటీకి వచ్చే వెల్డరు ఒకాయన క్యాంటీనులో ఆ పుస్తకం తిరగేసి, ఒక్క రోజని అడిగి పట్టుకుపోయారు. ఆ తర్వాత ఆయనకు వరసగా సెలవులు. నేను ఏడుపు మొహం పెట్టాను. నాన్న స్కూటరు తాళం తీశారు.

సబ్బవరం దాటాక చెరుకు తోటల మధ్య కొత్తగా వేసిన కాలనీలో వాళ్ళ ఇల్లు. ఇంకా సున్నం వేయని ఇల్లు. వరండాలో వెల్డరు గారు కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దానికి చక్కగా అట్ట కూడా వేశారు. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు.

"రెండు పేజీలే ఉన్నాయి గురూ. ఇది అయిపోనిచ్చి ఇచ్చీత్తాను" అన్నారు.

ఇంత దూరం వచ్చి ఆ రెండు పేజీలు అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాం. ఆయన ఇంగ్లీషు మాటల్ని కూడబలుక్కుంటూ, వేలితో గీత గీసుకుంటూ చదువుతున్నారు. లోపల్నుంచి ఆయన భార్య టీ తెచ్చి నా చేతికి ఇచ్చింది, నాన్నకు ఇచ్చింది, భర్తకు మాత్రం దూరంగా గట్టు మీద పెట్టింది.

"నువ్వేనా పాపా ఈ బుక్కు సదువుతన్నది?" అని అడిగింది నన్ను.

"అవునండీ."

"ఇంట్లో ఆడోళ్ళు సేసే పని దేశం లెక్కలోకి రాదని అందులో ఉన్నాదంట. నిన్నటేల నుంచి ఈయన అదే పాట. నిజమేనా?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న టీ గ్లాసులోకి చూసుకుంటున్నారు. నిజమేనండీ, అలాగే ఉంది అన్నాను.

"మరి మా పక్కింట్లో పన్జేసే మనిసికి జీతమిత్తారు. ఆ పని?"

"అది వస్తుందండీ."

"అదే పని నాను మా ఇంట్లో సేత్తే?"

"రాదండీ."

ఆవిడ కొంగు విసురుగా నడుముకు దోపుకుంది. కోపం నా మీద కాదని తెలుస్తూనే ఉంది, అయినా నాకు తల దించుకోవాలనిపించింది. "అది రాసినోడు ఇంట్లో అన్నం తిన్నేదేటి?" అంది.

"ఎందుకు లెక్కలోకి తీసుకోరో కారణం కూడా రాశాడే. ఎంతని వెలకట్టాలో తెల్దంట" అన్నారు వెల్డరు గారు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"తెలకపోతే నన్నడగమను" అందావిడ. తర్వాత నా వైపు తిరిగి, "పరీచ్చలో అదే రాత్తావా?" అని అడిగింది.

"రాయకపోతే మార్కులు రావండీ."

"అయితే రాయి. నమ్మీకు."

పుస్తకం నా చేతికి వచ్చాక కూడా వెల్డరు గారు దాని వైపే చూస్తూ వీధి చివరిదాకా మాతో నడిచారు. ఇంటికి వచ్చాక నాన్న ఈ కథంతా అమ్మకు చెప్పారు. నవ్వుతుందనుకున్నారు. అమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం టీ నాన్నే పెట్టుకున్నారు. పంచదార ఎక్కడుందో అడగడానికి ఆయనకు ధైర్యం చాలక, చప్పిడిదే తాగడం నేను చూశాను.

ఫిజిక్సు పరీక్ష ముందు జరిగింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఎకనామిక్సు పరీక్ష ఆఖరున వచ్చింది. ఆ వేళకు మా సెక్షను పిల్లలందరికీ పరీక్షలు అయిపోయి, కామర్సు పిల్లల మధ్య నేనొక్కదాన్నే కొత్తదాన్ని. ప్రశ్నపత్రం చేతికి వచ్చింది. చదువుతూ వెళ్ళేకొద్దీ ఏదో తెలిసిన బస్సు ఎక్కినట్టు అనిపించింది. ఒక ప్రశ్నకు మావయ్య, ఒక ప్రశ్నకు బజ్జీలు. గృహిణి ఇంట్లో చేసే పని జాతీయాదాయంలో చేరుతుందా, కారణం రాయుము అని ఒకటి వచ్చింది. చేరదు అని రాసి, కారణం రాశాను. తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను. ఎందుకో మళ్ళీ వెనక్కి వచ్చి, ఇలా వదిలేయడం వల్ల ఒక దేశపు బాగోగులు ఆ లెక్కలో పూర్తిగా కనబడవు అని ఇంకో నాలుగు వాక్యాలు రాశాను. ఆ మాట పుస్తకంలోనూ ఉంది. కానీ రాస్తున్నప్పుడు నాకు కనిపించింది పుస్తకం కాదు, గట్టు మీద చల్లారిపోతున్న టీ గ్లాసు.

ఇంటికి వచ్చేసరికి వరండాలో నాన్నా, మావయ్యా డ్యూటీ బట్టల్లోనే ఉన్నారు. ఎలా రాశావని ఎవరూ అడగలేదు. "ఏటొచ్చింది? పేపరిలాగియ్యి" అన్నారు మావయ్య. మర్నాడు ఆ ప్రశ్నపత్రంతో బస్సులో పరీక్ష జరిగింది. మావయ్య నోటితో జవాబులు చెప్పడం, నాన్న మార్కులు వేయడం. మావయ్యకు ఎనభైకి యాభై ఎనిమిది వచ్చాయట. నాన్న పక్షపాతంతో తక్కువ వేశారని ఆయన అమ్మకు అప్పీలు చేసుకున్నారు. అమ్మ జవాబులన్నీ మళ్ళీ చెప్పించుకుని ఇంకో రెండు తగ్గించింది, నిర్వచనాల ముందు "ఇతర పరిస్థితులు" అనలేదని.

ఫలితాలు ఎండాకాలంలో వచ్చాయి. ఫిజిక్సులో రాతపరీక్షకు ఇరవై నాలుగు. ఇరవై మూడొస్తే చాలు. ఎకనామిక్సులో ఎనభైకి అరవై ఎనిమిది. నాన్న ఇరవై నాలుగును చూసినంత ప్రేమగా అరవై ఎనిమిదిని చూడలేదు. మావయ్యకు ఫోన్ చేసి చెప్పారు. స్పీకరు పెట్టి ఉండడం వల్ల మాకందరికీ వినబడింది.

"ఫిజిక్సు పాసైపోనాదా? అయితే మన సబ్జెట్టు అక్కర్లేకపోనాదా?" అన్నారు మావయ్య. గొంతులో బాధ దాచుకోలేదు.

మంచి మార్కులొచ్చిన ఐదు సబ్జెక్టులే శాతానికి తీసుకునే కాలేజీలు ఉన్నాయనీ, అక్కడ ఫిజిక్సును పక్కన పెట్టి మనదే లెక్కలోకి వస్తుందనీ నేను చెప్పాక ఆయన తేరుకున్నారు. వచ్చే ఆదివారం మేము ముగ్గురం వాళ్ళింటికి భోజనానికి రావాలన్నారు.

వాళ్ళిల్లు చూడడం నాకదే మొదటిసారి. ఇరుకు సందు చివర, వాకిట్లోంచి సముద్రం కనిపించే ఇల్లు. వేట నిషేధం రోజులవి. మర పడవలన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. మావయ్య అన్నగారు, నాకు పెద్ద మావయ్య, గోడ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. అన్నాలయ్యాక మావయ్య ఆయన పక్కన చేరి నా గొప్పతనం చెప్పడం మొదలుపెట్టారు. గీతలు, గీతలు జరగడం, కార్తీకమాసం, అన్నీ చెప్పారు. బజ్జీల సంగతి మాత్రం చెప్పలేదు. పెద్ద మావయ్య వింటూనే ముడులు వేస్తున్నారు. అంతా అయ్యాక నన్ను చూసి అడిగారు.

"అయితే ఒకటడుగుతాను సెప్పు పాపా. సేప తగ్గిపోతన్నాది. అందరికీ తెలుసును. సిన్న సేపని వొదిలీమని మాలో మేమే అనుకుంటాం. నాను వొదిలీసినాననుకో, ఎనకొచ్చే పడవోడు పట్టీసుకుంటాడు. ఆడూ అలాగే అనుకుంటాడు. అలాటప్పుడు నాను వొదలాలా, పట్టాలా? నీ బుక్కులో ఏటున్నాది?"

నాకు తెలిసిన గీతలన్నీ ఒకసారి గుర్తు చేసుకున్నాను. మావయ్య ఆశగా నా వైపు చూస్తున్నారు, తన పిల్ల పాట పాడబోతున్నట్టు. దేనిలోనూ ఈ ప్రశ్న లేదు.

"మా పుస్తకంలో లేదు పెద్ద మావయ్యా" అన్నాను.

"మరెందులో ఉన్నాది?"

"పై చదువుల్లో ఉంటుందేమో."

ఆయన వెక్కిరించలేదు. తల ఊపి, "అయితే సదివి సెప్పు. నాను ఇక్కడే ఉంటాను" అని మళ్ళీ వల మీదికి వంగారు.

ఆటో ఎక్కి ఇంటిదారి పట్టాం. మర్నాడు నాన్న నన్ను ఇంజినీరింగు కౌన్సెలింగు కాగితాల కోసం తీసుకెళ్ళాలి. బీచి రోడ్డు మలుపు తిరిగాక ఆయన ఉన్నట్టుండి అన్నారు.

"ఎకనామిక్సుతో బి.ఏ. ఏ కాలేజీలో ఉందో కనుక్కోవాలి."

"ఇంజినీరింగ్ వద్దా?" అంది అమ్మ.

"ఫిజిక్సులో ఇరవై నాలుగు వచ్చిన పిల్ల కట్టిన వంతెన మీద నువ్వు నడుస్తావా?"

అమ్మ నా వైపు చూసింది. నా మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టుంది.

"నేను నడవనండీ" అంది.

"నేనూ నడవను" అన్నాను.

ఆ జూన్‌లో బి.ఏ.లో చేరాను.